యల్లాప్రగడ సుబ్బారావు: మందు మిగిల్చిన ప్రశ్న

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

- యల్లాప్రగడ సుబ్బారావు జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు;
- ఫోలిక్ ఆమ్లానికీ, క్యాన్సర్ మందుకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు;
- కొందరిలో క్యాన్సర్ మందుకు ఎందుకు లొంగదో మీ మాటల్లో చెప్పగలుగుతారు;
- క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు రోగిని తప్పుపట్టడం ఎందుకు సరికాదో గుర్తిస్తారు.

1. పరిచయం

పరీక్ష తప్పినవారంటే మన సమాజంలో చిన్నచూపు ఉంది. ఒకసారి తప్పితే చదువు అబ్బలేదంటారు. రెండోసారి తప్పితే ఏదైనా పనిలో పెట్టమంటారు. మీలో కొందరు ఇటువంటి మాటలు పడే ఉంటారు. ఈ పాఠంలో మీరు పరిచయం చేసుకోబోయే వ్యక్తి మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి రాసి గట్టెక్కారు. తరువాత ప్రపంచంలోని కోట్లాది రోగులకు ఉపయోగపడిన మందుల వెనుక నిలిచారు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన ఆధ్వర్యంలో తయారైన ఒక మందు పిల్లల తీవ్రమైన రక్త క్యాన్సర్‌ను మొదటిసారిగా కొంతకాలం వెనక్కి నెట్టింది. అయితే జబ్బు మళ్ళీ వచ్చింది. మొదట లొంగిన జబ్బు తరువాత ఎందుకు లొంగలేదు? ఈ ప్రశ్న ఆ మందుతోపాటే పుట్టింది. జవాబు వెతుకుతూ శాస్త్రవేత్తలు ఇప్పటికీ పనిచేస్తున్నారు. సుబ్బారావు జీవితంతోపాటు ఈ ప్రశ్న కథను కూడా చదవండి.

2. బాల్యం, చదువు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఇది నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. ఆ రోజుల్లో ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి చిన్న ప్రభుత్వోద్యోగి. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ.

పిల్లవాడికి మొదట్లో చదువుమీద ధ్యాస లేదు. పదమూడేళ్ళ వయసులో కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరారు. ఇంటివాళ్ళు వెతికి వెనక్కి తీసుకువచ్చారు. తల్లి పట్టు వదలలేదు. రాజమండ్రిలో చదివించింది. రెండుసార్లు తప్పిన మెట్రిక్యులేషన్‌ను చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుంచి పూర్తి చేశారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివారు. రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యసించాలనుకున్నారు. తల్లి అందుకు ఒప్పుకోలేదు. మనుషులకు సేవచేసే మరో దారిగా ఆయన వైద్యవిద్యను ఎంచుకుని, మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

అక్కడా చదువు సాఫీగా సాగలేదు. అవి గాంధీజీ పిలుపుతో విద్యార్థులు విదేశీ వస్త్రాలను వదులుతున్న రోజులు. సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోకి ఖద్దరు దుస్తులతో వెళ్ళారు. ఇది ఆంగ్లేయ ప్రొఫెసరుకు కోపం తెప్పించింది. రాత పరీక్షల్లో బాగా రాసినా, ఆయనకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

3. ఇంట్లోకి వచ్చిన వ్యాధి

చదువుకునే రోజుల్లోనే ఆయన ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో చనిపోయారు. వారిని బలిగొన్నది స్ప్రూ అనే గ్రహణి వ్యాధి. ఈ వ్యాధిలో తిన్న ఆహారం ఒంటికి పట్టదు. విరేచనాలతో మనిషి చిక్కిపోతాడు. రక్తం క్షీణిస్తుంది. ఆ కాలంలో దీనికి నమ్మకమైన మందు లేదు. తరువాత సుబ్బారావుకూ ఇదే వ్యాధి సోకింది. ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన కోలుకున్నారు. అటుపైన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించారు.

వ్యాధుల మూలం తెలుసుకోవాలంటే పరిశోధన చెయ్యాలని ఆయనకు గట్టిగా అనిపించింది. అమెరికా వెళ్ళడానికి నిశ్చయించుకున్నారు. 1919లో ఆయనకు శేషగిరితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి డబ్బు సాయం చేశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కూడా ఆదుకుంది. 1922 అక్టోబరులో ఆయన బోస్టన్ నగరంలో అడుగుపెట్టారు. కొన్నేళ్ళలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి వెళ్ళిన మనిషి మళ్ళీ భారతదేశానికి రాలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఒక గొప్ప పనికి ఇంట్లోవాళ్ళు కూడా మూల్యం చెల్లిస్తారు. శేషగిరమ్మ గారి నిరీక్షణను తలచుకోకుండా ఈ జీవితకథ పూర్తికాదు.

4. హార్వర్డులో పద్దెనిమిదేళ్ళు

హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఆయన ఉష్ణదేశాల వ్యాధుల కోర్సు చదివారు. పొట్ట గడవడానికి రాత్రివేళ ఆసుపత్రిలో నౌకరు పనులు చేశారు. తరువాత సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి వద్ద జీవరసాయన పరిశోధనలో చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగు గాఢతనుబట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి రూపొందించి 1925లో ప్రకటించారు. దానికి ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని పేరు.

కొలవడం చేతనైతే, కనబడనిది కూడా కనబడుతుంది. ఈ పద్ధతి ద్వారానే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉన్నట్లు వారు 1927లో వెల్లడించారు. 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దీనిని విడిగా కనుగొన్నారు. మీరు నడిచినా, బరువెత్తినా, ఈ పేజీ తిప్పినా మీ కండరాలకు శక్తినిచ్చేది ఏ.టి.పి.యే. సుబ్బారావుకు 1930లో డాక్టరేటు లభించింది. అయినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లే ప్రయోగశాలలకు మారారు. కొంతకాలానికి అక్కడి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి – 1

అ) సుబ్బారావుకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా ఎందుకు రాలేదు?
ఆ) ఆయన సోదరులు ఏ వ్యాధితో చనిపోయారు?
ఇ) ఫిస్క్–సుబ్బారావు పద్ధతితో దేనిని కొలుస్తారు?

5. ఫోలిక్ ఆమ్లం

ఇక్కడ మనం ఒకసారి బొంబాయికి వెళ్ళి రావాలి. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలలో గర్భిణులకు తీవ్రమైన రక్తహీనత రావడాన్ని ఆమె పరిశీలించారు. ఈస్ట్ నుంచి తయారుచేసే ఒక చవక పదార్థం తినిపిస్తే వారు కోలుకున్నారు. ఆ పదార్థంలో ఏదో ఒక పోషకం ఉందని ఆమె గ్రహించారు. అది కాలేయంలోనూ, ఆకుకూరల్లోనూ ఉంటుంది. తరువాతి కాలంలో దానికే ఫోలిక్ ఆమ్లం అనే పేరు స్థిరపడింది.

లెడర్లేలో సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కాలేయం నుంచి వేరుచేసింది. 1945లో ప్రయోగశాలలోనే తయారుచెయ్యగలిగింది. దీనితో అది మాత్రల రూపంలో ఎంతైనా దొరికే వీలు కలిగింది. ఈనాడు మన దేశంలో గర్భిణులకు ఇనుము మాత్రతో కలిపి ఇచ్చేది ఇదే ఫోలిక్ ఆమ్లం. స్ప్రూ వ్యాధిలో రక్తం క్షీణించడానికి ఒక ముఖ్య కారణం ఫోలిక్ ఆమ్లం లోపమేనని కూడా తేలింది. తన సోదరులను తీసుకుపోయిన వ్యాధికి ఉపయోగపడే మందు సుబ్బారావు చేతికి పాతికేళ్ళు ఆలస్యంగా అందింది.

ఇదే కాలంలో ఆయన విభాగంలో మరికొన్ని మందులు వచ్చాయి. బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. బోదకాలు వ్యాధికి డై ఇథైల్ కార్బమజైన్ 1947లో వచ్చింది. మీ ఊళ్ళో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి బోదకాలు నివారణ మాత్రలు మింగించినప్పుడు, వాటిలో ఒకటి ఈ మందే.

6. నకిలీ తాళంచెవి

ఫోలిక్ ఆమ్లం లేకపోతే రక్తకణాలు సరిగా పెరగవు. మరి రక్త క్యాన్సర్‌లో తెల్లకణాలు అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతాయి. ఆ పిల్లలకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఏమవుతుంది? బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఈ పని చేసి చూశారు. జబ్బు తగ్గలేదు సరికదా, మరింత వేగంగా ముదిరినట్లు కనిపించింది. అప్పుడు ఆలోచన తిరగబడింది. ఫోలిక్ ఆమ్లం క్యాన్సర్‌కు మేత అయితే, ఆ మేతను ఆపివేస్తే సరి.

సుబ్బారావు బృందంలోని రసాయనికులు చూడటానికి ఫోలిక్ ఆమ్లంలాగే ఉండి, దాని పని మాత్రం చెయ్యని పదార్థాలు తయారుచేశారు. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. దానికి దగ్గరిది మెథోట్రెక్సేట్.

ఇవి ఎలా పనిచేస్తాయో ఒక పోలికతో చూద్దాం. మీ ఇంటి తాళంలో నకిలీ తాళంచెవి దూర్చారనుకోండి. అది లోపలికి పోతుంది కాని తిరగదు, బయటకూ రాదు. ఇక అసలు తాళంచెవి ఉన్నా ప్రయోజనం లేదు. కణంలో ఒక ఎంజైమ్ ఉంది. దానిని పొడి అక్షరాలలో డి.హెచ్.ఎఫ్.ఆర్. అంటారు. ఫోలిక్ ఆమ్లాన్ని కణానికి పనికివచ్చే రూపంలోకి మార్చేది ఇదే. ఈ ఎంజైమ్ తాళం. ఫోలిక్ ఆమ్లం అసలు తాళంచెవి. మెథోట్రెక్సేట్ నకిలీది. తాళం బిగుసుకుపోతే కణం కొత్త డి.ఎన్.ఏ.ను తయారుచేసుకోలేదు, రెండుగా చీలలేదు. వేగంగా చీలే క్యాన్సర్ కణానికి దెబ్బ ఎక్కువగా తగులుతుంది. నోటి పొర, జుట్టు కుదుళ్ళు, ఎముక మజ్జలోని కణాలు కూడా వేగంగా చీలతాయి. కీమోథెరపీలో నోటిపూత రావడానికి, జుట్టు రాలడానికి, రక్తకణాలు తగ్గడానికి కారణం ఇదే.

ఫార్బర్ తన ఫలితాలను 1948 జూన్‌లో ప్రచురించారు. తీవ్రమైన రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే, 10 మందిలో మెరుగుదల కనిపించింది. మంచం పట్టిన పిల్లలు లేచి ఆడుకున్నారు. అంతకుముందు ఈ జబ్బులో మందుతో ఇలా జరగలేదు. అయితే ఆ సంతోషం కొన్ని నెలలే నిలిచింది. జబ్బు తిరిగి వచ్చింది. ఈసారి అదే మందు పనిచెయ్యలేదు.

7. చివరి రోజులు

ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు. అమెరికాలో పాతికేళ్ళకు పైగా ఉన్నా ఆయన ఆ దేశ పౌరసత్వం తీసుకోలేదు. స్వతంత్ర భారతదేశాన్ని కంటితో చూడకుండానే వెళ్ళిపోయారు. ఆయన ప్రచారాన్ని కోరుకోలేదు. మందుల కీర్తి ఎక్కువగా ఇతరుల పేర్లకే చేరింది. సుబ్బారోమైసిస్ అనే ఒక శిలీంధ్ర జాతికి శాస్త్రవేత్తలు ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి – 2

అ) లూసీ విల్స్ బొంబాయిలో ఎవరిని పరిశీలించారు?
ఆ) మెథోట్రెక్సేట్‌ను నకిలీ తాళంచెవి అని ఎందుకు అన్నాము?
ఇ) 1948లో పిల్లలలో కనిపించిన మెరుగుదలకు ఉన్న లోపం ఏమిటి?

8. ప్రశ్న ఆగలేదు

మెథోట్రెక్సేట్ రక్త క్యాన్సర్‌తో ఆగలేదు. 1951లో జేన్ రైట్ అనే అమెరికన్ వైద్యురాలు రొమ్ము క్యాన్సర్ వంటి గడ్డల మీద కూడా అది పనిచేస్తుందని చూపారు. ఒకే మందు ఇస్తే, దానికి లొంగని కొద్ది కణాలు మిగిలి, అవే పెరిగి మళ్ళీ గడ్డ కడతాయి. పొలంలో ఏళ్ళతరబడి ఒకే పురుగుమందు చల్లితే జరిగేది కూడా ఇదే. అందువల్ల వైద్యులు రెండు మూడు మందులు కలిపి ఇవ్వసాగారు. ఇటలీలోని మిలాన్ నగరంలో జియాని బొనడోన్నా బృందం మెథోట్రెక్సేట్‌కు మరో రెండు మందులు చేర్చింది. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స అయినవారికి వాటిని ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని 1976లో ప్రకటించింది. ఎందరో స్త్రీల ప్రాణాలు దీనివల్ల నిలిచాయి. తరువాత ఇతర మందులు వచ్చి చేరాయి. అయినా కొందరిలో జబ్బు లొంగదు. ఎందుకు?

క్యాన్సర్ కణానికి కొన్ని ఉపాయాలు ఉన్నాయి. మందు లోపలికి వచ్చే దారిని అది మూసివేయగలదు. వచ్చిన మందును తోడి బయట పోయగలదు. లేదా తాళాల సంఖ్యను పెంచుకోగలదు. ఒక్క తాళం ఉన్నచోట వంద తాళాలు ఉంటే, నకిలీ తాళంచెవులు ఎన్నని సరిపోతాయి? మెథోట్రెక్సేట్‌కు లొంగని కణాలు డి.హెచ్.ఎఫ్.ఆర్. జన్యువు ప్రతులనే పెంచుకుంటాయని 1978లో తేలింది.

ఇప్పుడు మైక్రో ఆర్.ఎన్.ఏ. గురించి తెలుసుకుందాం. జన్యువును తహసీలు కార్యాలయంలోని అసలు దస్తావేజు అనుకోండి. అది బయటకు రాదు. దాని నకలు మాత్రమే బయటకు వస్తుంది. ఆ నకలును చూసి కణం ప్రోటీన్లను తయారుచేస్తుంది. మైక్రో ఆర్.ఎన్.ఏ. చాలా చిన్న చీటీ వంటిది. అది వెళ్ళి నకలుకు అతుక్కుంటుంది. అతుక్కుంటే ఆ ప్రోటీన్ తయారీ తగ్గుతుంది. అంటే ఏ పని ఎంత జరగాలో అదుపుచేసే చీటీ అన్నమాట. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ అనే శాస్త్రవేత్తలు ఒక చిన్న పురుగులో దీనిని గుర్తించి, 1993లో వెల్లడించారు. 2024లో వారికి నోబెల్ బహుమతి లభించింది.

ఈ చీటీలకూ సుబ్బారావు మందుకూ సంబంధం ఏమిటి? డి.హెచ్.ఎఫ్.ఆర్. తయారీని అదుపులో ఉంచే చీటీల్లో మైక్రో ఆర్.ఎన్.ఏ. 24 ఒకటి. అది అతుక్కునే చోటుకు దగ్గరలో జన్యువులో ఒక్క అక్షరం మారితే, దాని పట్టు సడలుతుంది. ఎంజైమ్ ఎక్కువగా తయారవుతుంది. కణం మెథోట్రెక్సేట్‌కు లొంగదు. ఈ విషయం 2007లో ప్రచురితమైంది. రొమ్ము క్యాన్సర్ కణాలపై మరో పరిశోధన 2008లో వచ్చింది. డాక్సోరూబిసిన్ అనే మందుకు లొంగని కణాలలో మైక్రో ఆర్.ఎన్.ఏ. 451 తగ్గిపోయి ఉంది. అది తగ్గడంతో మందును బయటకు తోడే ప్రోటీన్ పెరిగింది. ఆ చీటీని కణాలలోకి తిరిగి చేర్చినప్పుడు, అవి మందుకు మళ్ళీ లొంగసాగాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇవి గాజుపాత్రలలో పెంచిన కణాలపై వచ్చిన ఫలితాలు. మనిషి శరీరంలో వందలాది మైక్రో ఆర్.ఎన్.ఏ.లు ఉన్నాయి. ఒక్కొక్కటి అనేక జన్యువులను తాకుతుంది. మందుకు లొంగని రొమ్ము క్యాన్సర్‌ను ఈ చీటీలతో లొంగదీసే చికిత్స ఆసుపత్రులలో ఇంకా వాడుకలోకి రాలేదు. ఎవరైనా అటువంటి మందు ఉందని డబ్బు అడిగితే నమ్మవద్దు.

9. ఈ పాఠం మీకు ఎందుకు?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో కీమోథెరపీ తీసుకుంటున్న స్త్రీ ఉండవచ్చు. ఆమెకు జబ్బు తిరగబెడితే చుట్టూ ఉన్నవారు రకరకాలుగా అంటారు. పథ్యం చెయ్యలేదంటారు. ధైర్యం చాలలేదంటారు. పూర్వజన్మ పాపమంటారు. మీరు ఇప్పుడు అసలు సంగతి చదివారు. లొంగనిది కణం. అందులో ఆమె తప్పు లేదు. ఒక మందు పనిచెయ్యకపోతే వైద్యులు మరొకటి ఆలోచిస్తారు. కాబట్టి చికిత్స మధ్యలో సొంతంగా మానవద్దు. రొమ్ములో గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినట్లున్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే వైద్యులకు చూపించండి. తొందరగా గుర్తిస్తే చికిత్స ఫలించే అవకాశం ఎక్కువ.

సుబ్బారావు విషయానికి వద్దాం. రెండుసార్లు పరీక్ష తప్పారు. పూర్తి పట్టా రాలేదు. స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. చివరకు ఆయన మందు కూడా పిల్లలను కొన్ని నెలలే నిలబెట్టింది. అయితే ఆ కొన్ని నెలలే తరువాతి వైద్యులకు దారి చూపాయి. పిల్లలలో ఎక్కువగా వచ్చే ఆ రక్త క్యాన్సర్ మంచి చికిత్స అందినచోట ఇప్పుడు చాలామందిలో పూర్తిగా నయమవుతోంది. ఆ చికిత్సలో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది. ఆయన మొదలుపెట్టిన పనిని ఇతరులు కొనసాగించారు. ఆయన మందు మిగిల్చిన ప్రశ్నకు జవాబు ఇంకా పూర్తికాలేదు. మీ పిల్లల్లో ఒకరు, లేదా మళ్ళీ పుస్తకం పట్టిన మీరే, ఆ జవాబులో ఒక వాక్యం రాయవచ్చు.

పాఠాంత ప్రశ్నలు

1. సుబ్బారావు జీవితంలో ఎదురైన మూడు ఆటంకాలను రాయండి. వాటిని ఆయన ఎలా దాటారు?
2. క్యాన్సర్ కణం మందు నుంచి తప్పించుకునే మార్గాలను వివరించండి.
3. మైక్రో ఆర్.ఎన్.ఏ. చేసే పనిని, పాఠంలో లేని మరొక పోలికతో చెప్పండి.
4. క్యాన్సర్ తిరగబెట్టిన ఒక రోగిని చూడటానికి మీరు వెళ్ళారు. ఆమెతో, ఆమె ఇంటివారితో ఏమి మాట్లాడతారో పది వాక్యాలలో రాయండి.

జవాబులు

1. అ) ఖద్దరు ధరించి శస్త్రచికిత్స గదికి వెళ్ళడం ప్రొఫెసరుకు కోపం తెప్పించింది. ఆ) స్ప్రూ అనే గ్రహణి వ్యాధి. ఇ) భాస్వరం.
2. అ) బట్టల మిల్లులలో పనిచేసే పేద స్త్రీలలో రక్తహీనత ఉన్న గర్భిణులను. ఆ) అది ఎంజైమ్‌లో ఇరుక్కుని ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకుంటుంది కాబట్టి. ఇ) అది తాత్కాలికం, జబ్బు తిరిగి వచ్చింది, మందు మళ్ళీ పనిచెయ్యలేదు.